22 నెలల పాపతో రోజు ఎలా గడవాలి?

మీ ప్రశ్నను రెండుసార్లు చదివాను. పాపకు 22 నెలలు, బరువు 10.4 కిలోలు. మీరిద్దరూ హైదరాబాదులో ఉద్యోగాలు చేస్తున్నారు, పగలు పాపను చూసుకోవడానికి తెనాలి నుంచి మీ అత్తగారు వచ్చి ఉంటున్నారు. ఫోన్ చేతికిస్తే తప్ప పాప ముద్ద మింగడం లేదని రాశారు. జూన్‌లో ప్లేస్కూల్లో వేయాలా, ఇంట్లో ఏ భాష మాట్లాడాలి, అత్తగారి కాటుకకూ సాంబ్రాణికీ ఎంతవరకు ఒప్పుకోవాలి, రెండో పుట్టినరోజుకు హాలు తీసుకోవాలా అని అడిగారు. ఇన్ని ప్రశ్నల మధ్యలో, ఎవరూ ఆగి చదవరన్నట్టుగా, "పాపతో సంతోషంగా గడపడానికి మాకు సమయమే మిగలడం లేదు" అని ఒక్క వాక్యం రాశారు. మిగిలిన ప్రశ్నలన్నీ ఆ వాక్యానికే ముడిపడి ఉన్నాయని నాకు అనిపించింది కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను.

నేను కాకినాడలో 34 ఏళ్ళు పిల్లల వైద్యురాలిగా పనిచేసి విరమించాను. ఇప్పుడు ఉదయం పూట మూడేళ్ళ మనవరాలికి కాపలా ఉంటున్నాను. వైద్యురాలిగా చెప్పగలిగినవి కొన్ని, ఈ కాపలాలో తెలిసినవి కొన్ని కలిపి చెబుతాను.

మీరు రాసిన దినచర్యలో పాపకు పాలు పట్టడం, స్నానం, టిఫిను, బట్టలు మార్చడం, అన్నం, నిద్రపుచ్చడం అన్నీ "అవగొట్టవలసిన పనులు"గా ఉన్నాయి. అవన్నీ అయ్యాక మిగిలే సమయాన్ని, అంటే శనివారం సాయంత్రం మాల్‌లో గడిపే రెండు గంటలను, మీరు పాపతో గడిపే సమయంగా లెక్క వేసుకున్నారు. ఈ వయసు బిడ్డకు పగటి కునుకుతో కలిపి రోజుకు 11 నుంచి 14 గంటల నిద్ర కావాలి. మేలుకుని ఉండే పదకొండు పన్నెండు గంటల్లో దాదాపు సగం తినడంలో, నీళ్ళు పోసుకోవడంలో, తొడుక్కోవడంలో, విప్పుకోవడంలో, నిద్రకు సిద్ధపడడంలోనే గడిచిపోతుంది. ఆ సగాన్ని మీరు పనుల ఖాతాలో రాసుకుంటే పాపతో గడపడానికి సమయం మిగలకపోవడంలో వింత లేదు. పాపకు మాత్రం స్నానం వేరు, ఆట వేరు అన్న విభజన ఇంకా తెలియదు. చెంబుతో నీళ్ళు ఎత్తి పోయడం దానికి ఆట, చొక్కాలో తల ఇరుక్కుని బయటపడడం ఆట, తలుపు గడియ తీయడం ఆట. అందుచేత కొత్తగా సమయం వెతకవలసిన అవసరం లేదని, ఉన్న పనుల్లో కొన్నింటిని నెమ్మదిగా చేస్తే చాలని నా అభిప్రాయం. అన్నింటినీ నెమ్మదిగా చేయడం ఉద్యోగస్థులకు కుదరదని నాకూ తెలుసు. ఉదయం ఒకటి, సాయంత్రం ఒకటి ఎంచుకోండి. ఆ రెండింటికీ ఇప్పుడు పట్టే సమయానికి రెట్టింపు కేటాయించండి.

ఇక తిండి సంగతి. మిమ్మల్ని అన్నిటికంటే ఎక్కువగా కలవరపెడుతున్నది అదే.

మూడు కిలోలతో పుట్టిన బిడ్డ అయిదు నెలలకు రెట్టింపు బరువు, ఏడాదికి మూడింతల బరువు అవుతుంది. అంటే మొదటి సంవత్సరంలో దాదాపు ఆరు కిలోలు పెరుగుతుంది. రెండో సంవత్సరంలో అదే బిడ్డ పెరిగేది రెండున్నర కిలోలు మాత్రమే. ఎదుగుదల వేగం ఇంతగా తగ్గినప్పుడు ఆకలి కూడా దానికి తగ్గట్టే తగ్గుతుంది, కాని గిన్నెలో అన్నం కలిపే చెయ్యి మాత్రం పాత లెక్కనే గుర్తు పెట్టుకుంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో విడుదల చేసిన పెరుగుదల పట్టికల ప్రకారం 22 నెలల ఆడపిల్లల మధ్యస్థ బరువు 11 కిలోలకు కొంచెం ఎక్కువ, తక్కువ బరువుగా పరిగణించేది 8.7 కిలోల కంటే తగ్గినప్పుడు. మీ పాప 10.4 దగ్గర ఉంది. ఒక్కరోజు బరువు కంటే గత ఆరు నెలల బరువులను కార్డు మీద చుక్కలుగా పెట్టి కలిపి చూడండి. గీత పైకి సాగుతూ ఉంటే పాప తనకు సరిపడా తింటున్నట్టే.

నా దగ్గరకు వచ్చే తల్లుల నోట నేను ఎక్కువసార్లు విన్న మాట "ఏమీ తినడం లేదు డాక్టరుగారూ" అన్నది. అప్పుడు నేను ఒక కాగితం ఇచ్చి, నిన్న తెల్లవారినప్పటి నుంచి రాత్రి పడుకునేదాకా బిడ్డ నోట్లోకి వెళ్ళిన ప్రతిదాన్నీ రాయమనేదాన్ని. ఏమీ తినని బిడ్డ కాగితం రెండువైపులా నిండేది. మూడు సీసాల పాలు, నాలుగు బిస్కెట్లు, తాతగారు ఇచ్చిన అరటిపండు, పక్కింటివాళ్ళు పెట్టిన జంతిక ముక్క, పడుకునే ముందు మళ్ళీ పాలు అందులో కనిపించేవి. మీ ఉత్తరంలోనూ ఆ కాగితం ఉంది. రోజుకు 250 మిల్లీలీటర్ల సీసాతో మూడుసార్లు పాలు పడుతున్నామని మీరే రాశారు. ఈ వయసుకు రోజుకు సుమారు వెయ్యి కిలో క్యాలరీలు అవసరమైతే, 750 మిల్లీలీటర్ల ఆవుపాల నుంచే దాదాపు సగం వచ్చేస్తాయి, గేదెపాలైతే ఇంకా ఎక్కువ. కడుపు సగం నిండిన పాప మధ్యాహ్నం పప్పన్నం ముందు మూతి బిగించుకుంటే దానిని మొండితనం అనలేము.

ఇందులో ఆకలి ఒక్కటే కాదు, రక్తం సంగతి కూడా ఉంది. పాలలో ఇనుము చాలా తక్కువ, పైగా పాలు ఎక్కువైన కొద్దీ మిగిలిన ఆహారంలోని ఇనుము ఒంటికి పట్టడం తగ్గుతుంది. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశంలో ఆరు నెలల నుంచి అయిదేళ్ళ లోపు పిల్లల్లో 67 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. బొద్దుగా, తెల్లగా ఉన్నాడని మురిసిపోయే పిల్లల్లో ఆ తెలుపు రక్తం లేక వచ్చిందని పరీక్షలో బయటపడిన సందర్భాలు నేను లెక్కలేనన్ని చూశాను. కాబట్టి పాలను రోజుకు 500 మిల్లీలీటర్లకు మించనీయకండి, పెరుగు, మజ్జిగ కూడా ఆ లెక్కలోనివే. సీసా పూర్తిగా మాన్పించి గ్లాసుతో పట్టండి. ముఖ్యంగా రాత్రి సీసా నోట్లో పెట్టుకుని నిద్రపోయే అలవాటు ముందు పళ్ళను పుచ్చిపోయేలా చేస్తుంది. ఒకసారి హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి. ప్రభుత్వం తరఫున ఈ వయసు పిల్లలకు వారానికి రెండుసార్లు ఒక్కో మిల్లీలీటరు చొప్పున ఐరన్ సిరప్ ఇస్తారు. అది మీ పాపకు అందుతోందో లేదో ఆశా కార్యకర్తను గాని, అంగన్‌వాడీలో గాని అడగండి.

భోజనం పెట్టే పద్ధతి మాటకొస్తే, ఏం పెట్టాలి, ఎప్పుడు పెట్టాలి, ఎక్కడ కూర్చోబెట్టి పెట్టాలి అన్నవి పెద్దల నిర్ణయాలు. ఎంత తినాలి అన్నది పాప నిర్ణయం. ఈ హద్దును ఇల్లంతా పాటిస్తే యుద్ధం చాలావరకు ఆగిపోతుంది. మూడు పూటలా భోజనం, మధ్యలో రెండుసార్లు చిరుతిండి, ప్రతి రెండింటికీ నడుమ రెండున్నర, మూడు గంటల ఖాళీ ఉంచండి. ఆ ఖాళీలో మంచినీళ్ళు తప్ప మరేమీ వద్దు. ఇరవై అయిదు నిమిషాలు దాటితే కంచం తీసేయండి, తిట్టకుండా, బతిమాలకుండా. "ఇంకొక్క ముద్ద, నాన్న ముద్ద, తాత ముద్ద" అంటూ పెట్టే ముద్దల్లో ఎంత ప్రేమ ఉన్నా, కడుపు నిండిందన్న సంగతిని పాప తనంతట తాను తెలుసుకునే వీలు వాటివల్ల పోతుంది. ముద్దపప్పు, నెయ్యి కలిపిన మెత్తటి అన్నం కంచంలో కొంచెం వేసి చెయ్యి పెట్టనివ్వండి. కింద పాత చీర గాని దినపత్రిక గాని పరవండి. సగం నేలపాలు అవుతుంది, పావు వంతు జుట్టుకు అంటుతుంది, మిగిలింది లోపలికి వెళ్తుంది. కొత్త కూర ఏదైనా మొదటిసారి ఉమ్మేస్తే అది నచ్చలేదని తీర్పు రాయకండి. పది పదిహేనుసార్లు కంచంలో కనబడ్డాక గాని కొందరు పిల్లలు దానిని నోట పెట్టరు. మా మనవరాలు కాకరకాయకు ఇంకా ఆ గడువులోనే ఉంది.

ఉడికించిన గుడ్డు, ఇడ్లీ, పెరుగన్నం, రాగి జావ, చిలగడదుంప, పప్పులో ఉడికిన తోటకూర, ముల్లు తీసిన చేప, మెత్తగా చిదిమిన వేట మాంసం, ఇవన్నీ మీ ఇంట్లో వండుకునేవే. పాపకు కారం తగ్గించి అదే పెట్టండి. డబ్బాల్లో అమ్మే పొడులు పాలలో కలపడం వల్ల తీపి అలవాటు కావడం తప్ప నాకు ప్రయోజనం కనబడలేదు. ఒక్క విషయంలో మాత్రం కఠినంగా ఉండండి. వేరుశనగ గింజలు, వేయించిన శనగలు, పాప్‌కార్న్ నాలుగేళ్ళు దాటేవరకు గింజ రూపంలో ఇవ్వకూడదు. ద్రాక్షను నిలువుగా చీల్చి, రేగుపండు, సీతాఫలాల గింజలు తీసి ఇవ్వాలి. పరుగెత్తుతూ, నవ్వుతూ, పడుకుని తిననివ్వకూడదు. శ్వాసనాళంలో వేరుశనగ బద్ద ఇరుక్కున్న పిల్లలను పెద్దాసుపత్రికి పంపిన రాత్రులు నాకు ఇప్పటికీ గుర్తున్నాయి.

ఫోన్ విషయం తిండితోనే కలిసి ఉంది. ఫోన్ చూస్తున్న బిడ్డ నోట్లో మనం ముద్ద పెడుతున్నామే గాని బిడ్డ తినడం లేదు. రుచి, వాసన, కడుపు నిండిన భావన, ఎదుట కూర్చున్న మనిషి ముఖం, ఇవేవీ దానికి అందడం లేదు. రెండేళ్ళు నిండేదాకా తెర అసలు వద్దని, రెండు నుంచి అయిదేళ్ళ వరకు రోజుకు గంట మించకూడదని, అదీ పెద్దలు పక్కన ఉన్నప్పుడేనని భారతీయ శిశు వైద్యుల సంఘం చెబుతోంది. ఊళ్ళో ఉన్న తాతగారితో వీడియో కాల్‌ను ఎవరూ ఈ లెక్కలో వేయరు, అక్కడ మాటకు మాట బదులు వస్తుంది. ఒక తండ్రి నన్ను నిలదీశాడు, "మా అమ్మ చందమామను చూపించి పెట్టలేదా, అది మాత్రం మరపించడం కాదా?" అని. మరపించడమే. అయితే చందమామ క్షణానికొక బొమ్మ మార్చదు, దానిని చూపిస్తున్న మనిషి ఆపకుండా కబుర్లు చెబుతూ ఉంటుంది, బిడ్డ కళ్ళు చందమామకూ ఆ ముఖానికీ మధ్య తిరుగుతూ ఉంటాయి. ఫోన్ ముందు కూర్చున్న బిడ్డ కళ్ళు ఎటు తిరుగుతున్నాయో మీరే ఒకసారి గమనించండి.

మాన్పించడానికి మీ ఇద్దరికీ సెలవు ఉన్న మూడు రోజులు ఎంచుకోండి. అత్తగారితో ముందుగానే మాట్లాడండి, ఎందుకంటే మీరు ఆఫీసుకు వెళ్ళాక పాప ఏడుపును భరించవలసింది ఆవిడే. మొదటి రెండు రోజులు పాప బాగా తక్కువ తింటుంది, కంచం తోసేస్తుంది, చెవులు చిల్లులు పడేలా ఏడుస్తుంది. ఆరోగ్యంగా ఉన్న బిడ్డ రెండు రోజులు తక్కువ తిన్నందువల్ల ఏమీ కాదు. మధ్యలో ఒక్కసారి కనికరించి ఫోన్ ఇచ్చారంటే, ఎంత ఏడిస్తే ఫోన్ వస్తుందో పాపకు కచ్చితంగా తెలిసిపోతుంది. ఎక్కువమంది పిల్లలు వారం తిరిగేసరికి దారికి వస్తారు. ఆ వారం పాప తినేటప్పుడు మీరు కూడా పక్కన కూర్చుని మీ కంచంలో తినండి. మీ ఫోన్ ఇంకో గదిలో ఉండాలి.

నెమ్మదిగా చేయవలసిన పనులు రెండు ఎంచుకోమన్నాను. ఉదయం పనిగా స్నానాన్ని సూచిస్తాను, దానిని పాప నాన్నకు అప్పగించండి. ఆయన రాత్రి తొమ్మిదిన్నరకు ఇల్లు చేరుతున్నారని, ఆయన కోసం పాప పదకొండింటిదాకా మేలుకుంటోందని రాశారు. ఆ నిరీక్షణ పాప నిద్రను తినేస్తోంది, అలసిన బిడ్డా అలసిన తండ్రీ ఎదురుపడితే ఇద్దరికీ చికాకే మిగులుతుంది. పాపను తొమ్మిదింటికల్లా పడుకోబెట్టి, ఉదయం ఏడింటికి నలభై నిమిషాలు తండ్రికి ఇవ్వండి. చిన్న బకెట్టు, చెంబు, గరాటు, చిల్లుల గరిటె ఇస్తే చాలు. ఒక పాత్రలోని నీళ్ళు మరో పాత్రలోకి పోసేటప్పుడు పాప ముఖంలో కనిపించే ఏకాగ్రతను ఆయన ఒక్కసారి చూస్తే తరువాత మీరు గుర్తు చేయనవసరం లేదు. బకెట్టులో రెండంగుళాల నీళ్ళున్నా సరే, పాపను ఒంటరిగా వదలి తువ్వాలు తేవడానికి కూడా వెళ్ళకూడదని మాత్రం గట్టిగా చెప్పండి.

సాయంత్రం పనిగా వంట ముందరి పనులు బాగుంటాయి. ఇరవై రెండు నెలల పిల్లలకు పెద్దలు చేసే పనిని తామూ చేయాలన్న ఉబలాటం ఇంతా అంతా కాదు. మెంతికూర ఆకులు తుంచడం, రెబ్బ నుంచి కరివేపాకు దూయడం, ఉల్లిపాయలు బుట్టలోంచి పళ్ళెంలోకి మార్చడం, చపాతీ పిండి ముద్దను చితక్కొట్టడం, ఆరిన బట్టల్లోంచి నాన్న చొక్కా ఏదో, తన గౌను ఏదో తీసివ్వడం, అన్నీ చేయగలరు. పని మూడింతలు ఆలస్యమవుతుంది, కూరలో ఆకులకంటే కాడలు ఎక్కువ పడతాయి. అయినా ఆ అరగంటలో ఎన్ని మాటలు దొర్లుతాయో లెక్కపెట్టండి: పచ్చది, మెత్తనిది, తడి, ఇంకోటి, అయిపోయింది, ఇదిగో, పడిపోయింది. కొన్న అట్టల మీద బొమ్మలు చూపించి చెప్పించే మాటలకంటే చేతిలో ఉన్న వస్తువుతో వచ్చిన మాట పిల్లలకు తొందరగా పడుతుంది. బొమ్మలు కొనాలనిపిస్తే కొనండి, తక్కువ కొనండి. అంకుడు కర్రతో, సహజమైన రంగులతో చేసే ఏటికొప్పాక లక్క బొమ్మలంటే నాకు చాలా ఇష్టం, లక్కపిడతలతో గుజ్జనగూళ్ళు ఆడుకున్న తరం మాది. కాని ఆ పిడతల్లో మరీ చిన్నవి నోట్లో పట్టేంత ఉంటాయి కాబట్టి మూడేళ్ళు దాటాక ఇవ్వండి. అప్పటిదాకా మీ వంటింటి స్టీలు గిన్నెలూ మూతలూ చాలు. చప్పుడు మాత్రం భరించాలి.

అత్తగారి సంగతి కొంచెం జాగ్రత్తగా చెబుతాను. ఆవిడ తెనాలిలో తన ఇల్లు, తన ఇరుగుపొరుగు వదులుకుని వచ్చి, అపార్టుమెంటులో పదో అంతస్తులో రోజుకు పది గంటలు మీ పాపను ఎత్తుకుని తిరుగుతున్నారు. ఆవిడ చేసేవాటిలో హాని చేసేవి ఏవో, మనకు నచ్చనివి ఏవో విడదీసి చూడాలి. నూనె రాసి మర్దనా చేయడం మంచిదే, సున్నిపిండి మెత్తగా ఉండి చర్మం కందనంతవరకు అభ్యంతరం లేదు. బుగ్గ మీద దిష్టిచుక్క, సాయంత్రం ఉప్పూ మిరపకాయలతో దిష్టి తీయడం వల్ల బిడ్డకు నష్టం లేదు, మిరపకాయలు మాడ్చే పొగ దగ్గర పాపను ఉంచకపోతే చాలు. అభ్యంతరం చెప్పవలసినవి మూడు. కళ్ళ లోపల కాటుక పెట్టకూడదు, కొన్ని కాటుకల్లో సీసం ఉంటుంది, వేలితో కంటికి క్రిములు సోకుతాయి. ముక్కులో, చెవుల్లో నూనె చుక్కలు వేయకూడదు, ముక్కులో వేసిన నూనె ఊపిరితిత్తుల్లోకి జారితే న్యుమోనియా వస్తుంది. మూసిన గదిలో తలకు సాంబ్రాణి పొగ పట్టకూడదు, మామూలు తువ్వాలుతో ఆరుతుంది. ఈ మూడింటినీ మీరు చెబితే కోడలి మాట అవుతుంది, మీ ఆయన చెబితే కొడుకు మాట అవుతుంది. వచ్చేసారి టీకాకు వెళ్ళినప్పుడు ఆవిడనూ తీసుకువెళ్ళి డాక్టరుచేత చెప్పించండి. మిగిలిన విషయాల్లో ఆవిడ పద్ధతి ఆవిడకు వదిలేయండి. నా బిడ్డలను పెంచింది మా అమ్మ, నేను ఆసుపత్రిలో ఇతరుల బిడ్డలను చూస్తూ ఉండిపోయాను. ఇంటికి రాగానే తప్పులు ఎంచడం తప్ప ఆవిడకు ఒక్క పూట సెలవు ఇవ్వాలని నాకు తోచలేదు. మీ అత్తగారికి ఆదివారం పూర్తిగా విశ్రాంతి ఇవ్వండి.

భాష విషయంలో నాకు సందేహం లేదు. ఇంట్లో పెద్దలకు ఏ భాష ధారాళంగా వస్తుందో, ఏ భాషలో విసుక్కుంటారో, ముద్దు చేస్తారో ఆ భాషే మాట్లాడాలి. మీ ఇంట్లో అది తెలుగు. రెండు భాషలు వినడంవల్ల మాటలు ఆలస్యం కావు, కాబట్టి బయట పిల్లలతో హిందీ, ఇంగ్లీషు మాటలు పడ్డా కంగారు వద్దు. కాని మీకే అలవాటు లేని ఇంగ్లీషులో "కమ్, సిట్, ఈట్" అంటూ మూడు ముక్కల ఆజ్ఞలు ఇస్తూ ఉంటే, పాపకు ఆజ్ఞలే అందుతాయి, కబుర్లు అందవు. మన పెద్దవాళ్ళు పసిపిల్లల కోసం వాడే మాటలు చూడండి: బువ్వ, బొమ్మ, పాప, మామ, బొజ్జ. పెదవులు కలిపితే పలికే ప, బ, మ అక్షరాలు, ఒత్తులు, అదే మళ్ళీ మళ్ళీ వచ్చే ధ్వనులు పసినోటికి ముందుగా పలుకుతాయి కాబట్టే ఆ మాటలు అలా రూపొందాయి. లిఫ్టులో కనబడిన ప్రతివారినీ "ఆంటీ, అంకుల్" అనిపించేకంటే ఒకరిని అత్త, ఒకరిని పిన్ని, ఒకరిని తాతగారు అని పిలిపిస్తే, మనుషుల్లో తేడాలను పాప ఇప్పటి నుంచే గమనిస్తుంది.

పాప ఎన్ని మాటలు అంటోందో మీరు రాయలేదు. రెండేళ్ళు నిండేసరికి యాభై మాటల దాకా వచ్చి, "పాలు కావాలి", "నాన్న రా" వంటి రెండు మాటల కూర్పులు మొదలు కావాలి. అప్పటికి రెండు మాటలు కలపకపోయినా, పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడకపోయినా, కావలసినదాన్ని వేలితో చూపించకపోయినా, వచ్చిన మాటలు పోతున్నా "మా వంశంలో అందరికీ ఆలస్యమే" అని కూర్చోకుండా వినికిడి పరీక్ష, ఎదుగుదల పరీక్ష చేయించండి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లాల్లో ఇందుకోసమే ప్రత్యేక కేంద్రాలు పనిచేస్తున్నాయి.

ప్లేస్కూలు గురించి. అత్తగారు ఉండగలిగితే మూడేళ్ళ లోపు అవసరం లేదు. 2020 జాతీయ విద్యా విధానం కూడా పునాది దశను మూడేళ్ళ నుంచి లెక్కిస్తోంది, ఒకటో తరగతికి ఆరేళ్ళు నిండాలంటోంది. ఆవిడకు ఓపిక తగ్గినా, ఊరు వెళ్ళవలసి వచ్చినా పగటిపూట సంరక్షణ కేంద్రంలో ఉంచడం తప్పేమీ కాదు, అపరాధభావం పెట్టుకోకండి. వెళ్ళి చూసేటప్పుడు గోడల మీద రంగులూ బోర్డు మీద పేరూ కాకుండా, ఏడుస్తున్న బిడ్డతో అక్కడి ఆయా ఎలా మాట్లాడుతోందో పావుగంట నిలబడి వినండి. మరుగుదొడ్డి చూడండి. గేటు గడియ పిల్లలకు అందుతుందేమో చూడండి. బోర్డు మీద మాంటిస్సోరి అని ఉన్నంతమాత్రాన నమ్మకండి, ఆ పేరు ఎవరైనా పెట్టుకోవచ్చు. 1939లో మద్రాసు వచ్చి ఇక్కడి ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చిన, ఆ పద్ధతికి ఆద్యురాలైన మరియా మాంటిస్సోరి, పిల్లలు తమ చేతులతో నీళ్ళు పోసుకోవాలని, నేల తుడవాలని చెప్పారు, రెండేళ్ళ బిడ్డచేత అక్షరాలు దిద్దించమని కాదు. మామూలుగా పిల్లలు గుండ్రం గీయగలిగేది మూడేళ్ళకు, అడ్డగీత నిలువుగీత కలిపి కూడిక గుర్తు వేసేది నాలుగేళ్ళకు, త్రిభుజం వేసేది అయిదేళ్ళకు. మన "అ"లో ఎన్ని వంపులున్నాయో చూస్తే, రెండున్నరేళ్ళకు హోంవర్కు ఇచ్చే బడిని ఎందుకు వద్దంటున్నానో మీకే తెలుస్తుంది. బాసర వెళ్ళి అక్షరాభ్యాసం చేయించుకోవాలని ఉంటే నిక్షేపంగా చేయించుకోండి. పళ్ళెంలో బియ్యం మీద వేలు ఆడించడం పిల్లలకు ఎంతో ఇష్టం. ఇంటికొచ్చాక కూడా బియ్యంతోనే ఆడుకోనివ్వండి, పలక పరుగు అప్పుడే వద్దు.

ఇంకొక మాట మీ గురించి. సంతోషం లేకపోవడానికి సమయం చాలకపోవడం ఒక కారణం, కాని ఒక్కటే కారణం కాకపోవచ్చు. పాప నిద్రపోతున్నా మీకు నిద్ర పట్టకపోవడం, ఇష్టమైనవాటి మీద కూడా మనసు పోకపోవడం, ఊరికే ఏడుపు రావడం రెండు వారాలకు మించి ఉంటే అది అలసట కాదు, వైద్యానికి లొంగే సమస్య. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ నంబరు 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడవచ్చు, డబ్బు కట్టనవసరం లేదు. మీకు దగ్గర్లో ఉన్న మానసిక వైద్యులను కలిసినా సరే.

చివరిగా పుట్టినరోజు. హాలుకు అడ్వాన్సు ఇంకా కట్టకపోతే కట్టకండి. నూటయాభైమంది, మైకు, రాత్రి ఎనిమిదిన్నరకు కేకు, ఇవన్నీ పెద్దల వేడుకలు. బంధువులను పిలవాలన్న కోరిక సహజమే, దానిని మూడో ఏటికో అయిదో ఏటికో వాయిదా వేయవచ్చు. సాయంత్రం అయిదింటికి ఇంట్లోనే, పాప పేరు పెట్టి పిలవగలిగిన ఏడెనిమిది మంది, కింది అంతస్తు పిల్లలు ఇద్దరు ముగ్గురు చాలు. బుడగలు కడితే పగిలిన ముక్కలు వెంటనే ఏరేయండి, అవి గొంతుకు అడ్డం పడతాయి. పాయసం అత్తగారు చేస్తారు, జీడిపప్పు పలుకులు పాప గిన్నెలోంచి తీసేయమనండి. ఏడున్నరకు అందరినీ పంపించేసి, తొమ్మిదింటికల్లా రోజూలాగే పడుకోబెట్టండి. ఆ మర్నాడు విటమిన్ ఎ మోతాదు వేయించాలి, అప్పుడే బరువు, ఎత్తు చూసి కార్డు మీద చుక్క పెట్టించండి. పాలు తగ్గించిన తరువాత ఆ గీత ఎటు సాగిందో నాకు రాస్తే చూసి చెబుతాను.